ఏ రాయి నుంచి ఏ రాయికి

రెండో వరద వచ్చిన మూడో ఏట జరిగింది ఇది. మొదటి వరద మా నాన్న రోజుల్లో వచ్చింది. దాన్ని నేను చూడలేదు. రెండోది మా ఇంటి గోడలు మూడు తీసుకుపోయి ఒకటి వదిలింది. అప్పటి నుంచి మా ఇంట్లో ఏ సంగతికైనా లెక్క అక్కడి నుంచే.

నేను సర్వే ఆఫీసులో ముప్పై ఎనిమిదేళ్ళు చైన్‌మాన్ పని చేశాను. ఆఫీసరు దుర్భిణిలో చూస్తాడు. గుమాస్తా రాసుకుంటాడు. గొలుసు పట్టుకుని ముళ్ళలోనూ బురదలోనూ నడిచేవాడు చైన్‌మాన్. గొలుసు పొడుగు అయిన చోటల్లా ముందువాడు ఒక మేకు గుచ్చాలి, వెనకవాడు దాన్ని పీకి దగ్గర పెట్టుకోవాలి. వెనకవాడి చేతిలో పది మేకులైతే పది గొలుసులు. మధ్యలో నోరు తెరిస్తే లెక్క పోతుంది. నాకు మాటలు తక్కువ కావడానికి కారణం అదేనని నేను అంటాను. మా ఆవిడ ఒప్పుకోదు. "పెళ్ళికి ముందూ ఇంతేగా. అప్పటికి ఏ గొలుసు లాగారు" అంటుంది.

మాది పోస్టాఫీసు వీధి. వీధి వీధంతా పందెం పావురాల పిచ్చి. పోస్టాఫీసు పక్క గదిలోనే సంఘం. ఏడాదికోసారి, చలి తగ్గే రోజుల్లో, పెద్ద పందెం. తూర్పున ఇంకో నగరం ఉంది. పావురాలను బుట్టల్లో పెట్టి ముందు రాత్రి రైలుకు అక్కడికి పంపిస్తాం. తెల్లారి ఆరింటికి స్టేషను పక్క మైదానంలో బుట్టల మూతలు తీస్తారు. ఆ దారి మనిషికి రైల్లో పది గంటలు. పావురం ఆరు గంటల లోపే ఇంట్లో ఉంటుంది. రైలు కొండల్ని చుట్టుకుని రావాలి. పావురానికి ఆ అవసరం లేదు.

మా నాన్న రోజుల్లో పావురం గూట్లో దిగగానే దాని కాలికున్న రబ్బరు ఉంగరం తీసి, నోట్లో పెట్టుకుని, సంఘం గదికి పరుగెత్తేవారు. చేతిలో అయితే పడిపోతుందని నోట్లో. ఒకాయన మింగేశాడు కూడా. ఆ ఏడు ఫలితం రెండు రోజులు ఆగిందని చెప్పుకుంటారు. తరవాత గడియారం పెట్టెలు వచ్చాయి. ఉంగరం పెట్టె చిల్లులో వేసి పిడి తిప్పితే లోపలి కాగితం మీద గంటా నిమిషం అచ్చు పడతాయి. పందెం ముందు రోజు పెట్టెలన్నీ సంఘం గదిలో ఒకే సమయానికి కలిపి, సీసం ముద్ర వేసి, ఎవరిది వాళ్ళకిస్తారు. పరుగు పోయింది. దూరం సంగతి మాత్రం ఎవరూ ఎత్తలేదు. గూళ్ళన్నీ ఒకే వీధిలో ఉండేవి. ఈ చివర నుంచి ఆ చివరకు పదిహేను గొలుసులు, మూడు వందల మీటర్లు, అంతే. ఎవరి కాగితం మీద ముందు సమయం ఉంటే వాళ్ళదే మొదటి స్థానం. అదే పద్ధతిగా స్థిరపడిపోయింది.

వరద తరవాత వీధి పల్లపు భాగంలో ఉన్న మాకు ఏటికి అవతల, పడమటి గుట్ట మీద, కాలనీ కట్టి ఇళ్ళిచ్చారు. మనుషులం మారాం. పావురాలు మారలేదు. వదిలితే చాలు, పోయి ఆ మిగిలిన ఒక్క గోడ మీద వాలేవి. పావురానికి ఇల్లంటే తాను గుడ్డు పగలగొట్టుకుని బయటకొచ్చిన చోటే. నాలుగు నెలలు రోజూ బస్సెక్కి పోయి వాటిని బుట్టలో తెచ్చుకున్నాను. చివరికి వాటిని మా బావకిచ్చేసి, గుట్ట మీద కొత్తగా పిల్లలు తీయించాను.

బావంటే మా ఆవిడ అన్నయ్య. గడియారాలు బాగుచేసే కొట్టు ఆయనది. సంఘానికి అధ్యక్షుడు కూడా ఆయనే. ఇల్లు వీధి మెరక వైపు కాబట్టి వరద ఆయన గుమ్మం తడిపి వెళ్ళిపోయింది.

కాలనీ గేటు దగ్గర ఒక బోర్డు ఉంది. మిద్దెల మీద కోళ్ళు, మేకలు, పక్షులు పెంచరాదు, పక్షుల సంఘంలో సభ్యులైనవారికి మినహాయింపు అని. ఏటా సంఘం నుంచి ఉత్తరం తెచ్చి కాలనీ సూపర్వైజరుకు ఇవ్వాలి. సూపర్వైజరు మంచివాడే. కాగితం చూపిస్తే చాలు, మనిషి వంక చూడడు.

సంఘానికి కూడా ఒక నియమం ఉంది. వరుసగా మూడేళ్ళు మొదటి ఐదింటిలో ఒక్క పక్షి కూడా రాని గూడును పట్టీ నుంచి కొట్టేస్తారు. వరద వచ్చిన ఏడు పంపడానికి నా దగ్గర ఎదిగిన పక్షే లేదు. రెండో ఏడు తొమ్మిదో స్థానం. ఇది మూడోది. ఐదింటిలోకి రాకపోతే సంఘం ఉత్తరం లేదు. ఉత్తరం లేకపోతే గూడు లేదు. అందులో ఇరవై మూడు పావురాలున్నాయి.

పందేనికి నెల ముందు పాత ఆఫీసుకు వెళ్ళాను. నక్షాలు గీసే ఆవిడ నన్ను చూసి కుర్చీ జరిపింది.

"పటం కావాలి" అన్నాను.

"మీకు పటమెందుకు బాబాయ్. దీని మీది గీతలన్నీ మీరు నడిచినవేగా."

"నడిచినప్పుడు పై నుంచి చూడలేదు."

ఆవిడ నగరం పటం బల్ల మీద పరిచింది. పోస్టాఫీసు దగ్గర ఒక గుండుసూది, మా కాలనీ దగ్గర ఒకటి. మధ్య దారం లాగాం. తొమ్మిది కిలోమీటర్లు, పైన ఒక గొలుసు. ఆ దారాన్నే తూర్పుకు పొడిగిస్తే ఎగరేసే నగరం వైపే పోతోంది. అంటే పావురాలన్నీ పోస్టాఫీసు వీధికి చేరితే ఆగిపోతాయి. నాది వాళ్ళ నెత్తిన దాటి, ఏరు దాటి, ఇంకా తొమ్మిది కిలోమీటర్లు రావాలి. ఆవిడ అదంతా ఒక కాగితం మీద రాసి ముద్ర వేసి ఇచ్చింది.

కాగితం తీసుకుని బావ కొట్టుకు వెళ్ళాను. కంటికి భూతద్దం బిగించుకుని ఎవరిదో చేతి గడియారం విప్పుతున్నాడు. కాగితాన్ని అదే కంటితో చూశాడు.

"తొమ్మిది కిలోమీటర్లు మిగతావాళ్ళ కన్నా ఎక్కువ ఎగురుతుందంటావు."

"ఎగురుతుంది."

"అయితే దాన్ని కాస్త గట్టిగా ఎగరమని చెప్పు బావా." భూతద్దం తీసి నవ్వాడు. "పందెం కానీ, తరవాత చూద్దాం. నీ పక్షి ఐదింటిలో వస్తే ఈ గోలే ఉండదుగా."

పందెం రోజు ఆదివారం. ఆరింటికి వదిలామని ఫోను వచ్చింది. గాలి పక్క నుంచి, పెద్దగా లేదు. నేను పదింటికే మిద్దె ఎక్కాను. పదకొండుకు మా ఆవిడ గింజల డబ్బా తీసుకుని వచ్చి నీళ్ళ ట్యాంకు నీడలో కూర్చుంది. 

నేను పంపింది ఒక్క పక్షినే. రెండేళ్ళ పెట్ట, బూడిద రంగు, ముక్కు మాత్రం మసి పట్టినట్టు నల్లగా ఉంటుంది. మసిముక్కు అనేవాళ్ళం. అది గుట్ట మీద పుట్టిన మొదటి పిల్ల.

"మా అన్నయ్య రెండు పంపాడట" అంది మా ఆవిడ.

నేను తూర్పే చూస్తున్నాను.

"ఆ రెండిట్లో ఒకటి మీ పాతదాని పిల్లేనట. మీ విత్తనంతో మీకే పోటీ."

"మంచి విత్తనం."

"అది చెప్పడానికి నోరొచ్చింది."

పదకొండూ యాభై రెండుకు ఏటి మీద ఒక చుక్క కనిపించింది. కాకి కాదు, కాకి అంత సూటిగా రాదు. మసిముక్కే. వచ్చింది, మిద్దె చుట్టూ ఒక తిరుగుడు తిరిగింది, గూటి మీద కాకుండా పిట్టగోడ మీద వాలింది. వాలి, ఈకలు సర్దుకోవడం మొదలుపెట్టింది. నాలుగు వందల కిలోమీటర్ల పైన ఎగిరి వచ్చి చివరి నాలుగు గజాల దగ్గర సింగారం. పరిగెత్తి పట్టుకోబోతే లేచిపోతుంది. అక్కడే నిలబడ్డాను. మా ఆవిడ లేవకుండానే డబ్బా ఆడించింది.

"రావే తల్లీ. మీ నాన్న ఊపిరి వదలడం లేదు. నువ్వొచ్చేదాకా ఆయన ఆగుతాడేమో గాని ఆయన గుండె ఆగదు."

అది తల వంచి చూసింది, దూకింది, గూట్లోకి నడిచింది. ఉంగరం లాగి పెట్టెలో వేసి పిడి తిప్పాను. పదకొండు గంటల యాభై మూడు నిమిషాలు.

మధ్యాహ్నం మూడింటికి పెట్టె ఒళ్ళో పెట్టుకుని బస్సెక్కాను.

సంఘం గదిలో పంతొమ్మిది గూళ్ళవాళ్ళూ ఉన్నారు. కార్యదర్శి మందుల కొట్టాయన. బావ పెట్టెల ముద్రలు ఒక్కొక్కటే విప్పుతూ సమయం చదువుతుంటే ఈయన పలక మీద రాస్తున్నాడు. బావ మచ్చల మగపావురం పదకొండూ నలభై ఎనిమిది. అది మొదటిది. మధ్యలో మూడు. బావ రెండో పక్షి పదకొండూ యాభై రెండుకు దిగింది, అది ఐదోది. నాది ఆరోది.

బావ నా పెట్టె కాగితం ఇంకోసారి చూశాడు. తప్పు చదివానేమోనన్నట్టు వెలుతురు వైపు తిప్పాడు.

"ఒక్క నిమిషం బావా" అన్నాడు మెల్లగా.

కార్యదర్శి గొంతు సవరించుకున్నాడు. "నియమం అందరికీ తెలిసిందే. బాధగానే ఉంది..."

నేను లేచాను. ఆ గదిలో నేను లేచి మాట్లాడటం ఎవరూ చూడలేదు. ఎవరో నాకు మంచినీళ్ళు కావాలేమోనని చెంబు అందించారు. పక్కన పెట్టాను.

"నా పక్షి మీ వీధి దాటింది ఎన్నింటికి?" అన్నాను.

"దాటడమేంటి?" అన్నాడు కార్యదర్శి.

"పోస్టాఫీసు నుంచి మా గూడు తొమ్మిది కిలోమీటర్లు. పక్షి ఆరింటికి బయల్దేరి యాభై మూడుకు చేరింది. మూడు వందల యాభై మూడు నిమిషాల్లో నాలుగు వందల ఇరవై ఒక్క కిలోమీటర్లు. నిమిషానికి కిలోమీటరూ, ఇంకా రెండు వందల మీటర్లకు కాస్త తక్కువ. ఆ నడకన తొమ్మిది కిలోమీటర్లకు ఏడున్నర నిమిషాలు. అవి వెనక్కి తియ్యండి."

ఎవరూ తీయలేదు. నేనే తీశాను.

"పదకొండూ నలభై ఐదున్నర. మీ వీధి మీద. బావ మచ్చలది నలభై ఎనిమిదికి దిగింది. నాది మీ నెత్తిన పోయేటప్పుడు మీరందరూ తలెత్తుకుని మీ వాటి కోసం చూస్తున్నారు."

వెనక బెంచీలో ఒకడు నవ్వాడు. "నిజమే, ఒకటి పోయింది. ఎవరిదో ఊరపావురం అనుకున్నా."

"నువ్వు నోర్ముయ్" అన్నాడు అతని పక్కవాడు.

కార్యదర్శి చేతులు కట్టుకున్నాడు. "పెద్దాయనా, బస్సులో మీ కాలనీకి నలభై నిమిషాలు. అవి కూడా తగ్గించమంటారా?"

గది నవ్వింది. నవ్వు అయ్యేదాకా ఆగాను.

"నా పక్షి బస్సెక్కలేదు."

"అది కాదండీ." ఆయన బల్ల సొరుగులోంచి ఒక అచ్చు పుస్తకం తీశాడు. ఏ నగరానికీ ఏ నగరానికీ మధ్య గాలిలో ఎంత దూరమో, విమానానికి ఎంతసేపో ఉండే పుస్తకం. సంఘం పుట్టినప్పటి నుంచి లెక్క దానిదే. "ఇదిగో. ఆ నగరం నుంచి మన నగరానికి నాలుగు వందల పన్నెండు కిలోమీటర్లు. విమానానికి గంట. మీ కాలనీ మన నగరంలోదేగా? పన్ను ఇక్కడే కడుతున్నారుగా? అందరికీ నాలుగు వందల పన్నెండే."

"ఏ రాయి నుంచి ఏ రాయికి?"

"రాయేంటండీ?"

"దూరమనేది రెండు రాళ్ళ మధ్య ఉంటుంది. ఊరికీ ఊరికీ మధ్య ఉండదు. ఊరు పెద్దది. ఒక చివర నిలబడితే ఒక దూరం, ఇంకో చివర ఇంకో దూరం. ఆ పుస్తకం రాసినవాళ్ళు ఈ పక్క రాయి ఎక్కడ పాతారు?"

"అదెక్కడ రాసి ఉంటుంది?"

"రాసి ఉంటుంది. రాయకుండా ఎవడూ కొలవడు. మొదట్లో చూడండి, సన్నగా ఉంటుంది."

ఆయన పేజీలు తిప్పాడు. కళ్ళజోడు మార్చాడు. చదివాక పుస్తకం బావ వైపు జరిపాడు. బావ పైకి చదివాడు. "దూరములన్నియు ఆయా నగరముల ప్రధాన తపాలా కార్యాలయము నుండి లెక్కించబడినవి."

అందరూ గోడ వంక చూశారు. ఆ గోడ అవతలే పోస్టాఫీసు.

ఇక తేలిపోయిందనుకున్నాను. ముప్పై ఎనిమిదేళ్ళు కొలతల మధ్య బతికినవాణ్ణి. కొలత చూపిస్తే మనిషి ఒప్పుకుంటాడనే అనుకుంటాను. బడిలో నేను మూడో తరగతి దాటలేదు, ఈ పాఠం ఆ తరవాతి తరగతుల్లో చెబుతారేమో.

కార్యదర్శి పుస్తకం మూశాడు. "సరే. మీ లెక్కే నిజమనుకుందాం. పోయినేడు మీది తొమ్మిదోది. మీ లెక్కన అది ఏ రెండోదో అవుతుంది. అప్పుడు కప్పు తీసుకున్నవాళ్ళు తెచ్చి ఇచ్చెయ్యాలా? రేపు ఈ వీధిలో ప్రతివాడూ నా గుమ్మం రెండు గజాలు దూరం అంటాడు. ఎవరు కొలుస్తారు?"

"నేను కొలుస్తాను."

"గొప్పగా ఉంది. పందెం పక్షి మీదే, కొలత మీదే."

"అయితే ఇంకెవరినైనా పెట్టండి. కొలవండి. అంతే నేను అడిగేది."

బావ చెయ్యెత్తి అందర్నీ ఆపాడు. ఆయన మాట నెమ్మదిగా ఉంటుంది, గడియారం కొట్లో కూర్చున్నవాళ్ళకు తొందర ఉండదు. "బావా. గడియారం అబద్ధం చెప్పదు. అది నీకూ తెలుసు."

"చెప్పదు. సగమే చెబుతుంది."

"ఆ మిగతా సగం కోసం అరవై ఏళ్ళ పద్ధతి తిప్పలేం. కానీ నీ గూడు పోవడం నాకిష్టం లేదు. నా చెల్లెలి ఇంటి మీద గూడు అది." అందరి వైపు తిరిగాడు. "నా రెండో పక్షి ఐదోది కదా. దాన్ని పందెంలోంచి తీసేసుకుంటున్నాను. అప్పుడు బావది ఐదోదవుతుంది. పట్టీలో ఉంటాడు. ఉత్తరం ఇప్పుడే రాసిస్తాను. అయిపోయింది."

గదంతా ఒక్కసారి ఊపిరి పీల్చుకుంది. ఎవరో "అదీ మనిషంటే" అన్నారు. కార్యదర్శి అప్పుడే పలక మీద చెరపడానికి గుడ్డ తీశాడు.

బావ మంచితనంలో లోపం లేదు. ఆయన పక్షిని ఆయన ఇస్తున్నాడు. ఇరవై మూడు పావురాలు నా కళ్ళ ముందు తిరిగాయి. తల ఊపితే చాలు, మాట కూడా అక్కర్లేదు. నాకు అలవాటైన పనే.

"చెరపకండి" అన్నాను.

గుడ్డ ఆగింది.

"ఐదో స్థానం నాకు వద్దు. అది బావ పక్షిది. అది ఎగిరి తెచ్చుకుంది. నాది మొదటిది. ఇస్తే మొదటిది ఇవ్వండి, లేకపోతే ఆరోదిగా ఉంచి కొట్టెయ్యండి. మధ్యలోది తీసుకోను."

"పిచ్చి పట్టిందా బావా నీకు" అన్నాడు బావ. మొదటిసారి ఆయన మొహం ఎర్రబడింది. "నలుగురిలో నేను తగ్గి ఇస్తుంటే..."

"నువ్వు తగ్గొద్దు. నేను ఎక్కువా అడగలేదు. కొలవమన్నాను."

చేతులెత్తమన్నారు. కమిటీ ఐదుగురు. కొట్టేయాలని నాలుగు చేతులు లేచాయి. ఐదో ఆయన, దర్జీ, తన చెప్పుల వంక చూసుకుంటూ కూర్చున్నాడు. ఆయన ఇల్లు ఆ వీధిలోనే, గుమ్మం ఎన్నో గొలుసు దగ్గరో నాకు తెలుసు. ఈ పద్ధతిలో ఆయన పావురానికి అన్యాయమేమీ జరగలేదు. అయినా చెయ్యెత్తలేదు. అది గుర్తు పెట్టుకున్నాను.

ఇంటికి వచ్చేసరికి ఇంకా వెలుతురుంది. మా ఆవిడ గుమ్మంలోనే నిలబడి ఉంది. ఫోను చేతిలోనే ఉంది.

"అన్నయ్య చేశాడు."

చెప్పులు విప్పాను.

"ఇస్తానంటే వద్దన్నారట. అరచేతిలో పెట్టి ఇస్తుంటే. ఆయన అంత కోపంగా మాట్లాడటం నేను చిన్నప్పుడు కూడా వినలేదు. తీసుకుంటే ఏం పోయేది? గూడు నిలబడేది."

"గూడు నిలబడేది. నేను నిలబడను."

"మీరెప్పుడు కూర్చున్నారు గనక." పెట్టె నా చేతిలోంచి లాక్కుని బల్ల మీద పెట్టింది. "పట్టిన కుందేటికి మూడే కాళ్ళంటారు మీలాంటివాళ్ళని చూసే."

"నాలుగే. నేను లెక్కపెట్టాను."

ఆమెకు నవ్వు వచ్చింది, దాన్ని మింగేసి లోపలికి వెళ్ళింది. కాసేపటికి రెండు గ్లాసుల్లో టీ తెచ్చి ఒకటి నా ముందు పెట్టింది. నాకు ఎదురుగా కూర్చుంది. 

"అన్నయ్యకు తెలుసు, మీదే మొదటిదని" అంది. "ఫోనులో అడిగాను. మాట దాటేశాడు. తెలియకపోతే గట్టిగా కాదనేవాడు. తెలిసి మీకు ఐదోది ఇచ్చాడు." గ్లాసు కింద పెట్టింది. "అది మాత్రం నాకు నచ్చలేదు. ఇప్పుడేం చేద్దాం? సూపర్వైజరు రేపో ఎల్లుండో వస్తాడు."

"గేటు దగ్గరి బోర్డు మీద ఏముందో సరిగ్గా చెప్పు. ఒక్క ముక్క పోకుండా."

ఆమె బియ్యం కొట్టుకు పోయేటప్పుడు రోజూ చూసే బోర్డే. అయినా లేచి, శాలువా కప్పుకుని, గేటు దాకా నడిచి, పాత సంచి మీద రాసుకుని వచ్చింది. చదివింది. "పక్షుల సంఘంలో సభ్యులైనవారికి మినహాయింపు."

"ఏ సంఘమో ఉందా?"

"లేదు."

"ఎక్కడి సంఘమో?"

"లేదు."

"ఎంతమంది ఉండాలో?"

ఆమె సంచి కింద పెట్టి నా వంక చూసింది. "ఓరి నాయనో" అంది. "ముప్పై ఎనిమిదేళ్ళు ఆఫీసర్ల వెనక ఊరికే తిరగలేదు మీరు."

మర్నాడు పొద్దున ఏడింటికి నేను తెల్లకాగితం తీసుకుని రాశాను. నా అక్షరాలు పెద్దవి, గీతల మీద నిలబడవు, కాబట్టి రెండు కాగితాలు పట్టాయి. గుట్ట కాలనీలో పక్షుల సంఘం ఏర్పడిందని రాశాను. దానికి నియమం ఒక్కటే పెట్టాను. ప్రతి గూటి గుమ్మానికీ దూరం విడిగా కొలవాలి, ఎవరు కొలిచారో, ఎక్కడి నుంచి ఎక్కడికి కొలిచారో పక్కన రాయాలి. కింద ఇంకో వాక్యం చేర్చాను. పోస్టాఫీసు వీధివాళ్ళు కూడా చేరవచ్చు, వాళ్ళకూ కొలుస్తాం.

నా సంతకం చేశాను. మా ఆవిడ చదివి, రెండు చోట్ల దిద్ది, తన సంతకం చేసింది. "అధ్యక్షురాలు" అని పక్కన రాసుకుంది. నేను అడగలేదు.

మూడో వరసలో లేత్ పనిచేసే ఆయన ఉంటాడు. ఆయనదీ మునిగిన ఇల్లే. పోయినేడు ఇక్కడి నుంచి పందెం వేసి, పద్నాలుగో స్థానం వచ్చాక విసుగెత్తి సంఘం మానేశాడు. రెండు పావురాలు మాత్రం వంటింట్లో, గంప కింద, సూపర్వైజరుకు తెలియకుండా ఉన్నాయి. గుమ్మంలో నిలబడే కాగితం చదివాడు.

"అయితే ఆ పద్నాలుగోది పద్నాలుగోది కాదా అన్నా?"

"కాదు."

"ఎన్నోది?"

"మీ గూడు ఎక్కడుందో కొలవాలి. తరవాత చెబుతాను."

సంతకం చేసి, లోపలికి పోయి, గంప ఎత్తి పెట్టాడు.

చివరి ఇంట్లో నర్సమ్మ ఉంటుంది. వాళ్ళాయన పోయాక ఆయన పావురాలు ఆమెకు మిగిలాయి, గుట్టుగా పెంచుతోంది. ఆస్పత్రికి బయల్దేరుతూ చీర కుచ్చిళ్ళు పట్టుకునే కాగితం తీసుకుంది. "ఇందులో నేను చేయాల్సిందేమైనా ఉందా?" అని అడిగింది. ఏమీ లేదన్నాను. "అలాంటి సంఘం మంచిది" అని సంతకం చేసింది.

తొమ్మిదింటికి సూపర్వైజరు తన ఆఫీసు తలుపు తీశాడు. కాగితాలు బల్ల మీద పెట్టాను. చదివాడు. ఈసారి మనిషి వంక కూడా చూశాడు.

"నిన్న మిమ్మల్ని సంఘంలోంచి తీసేశారని విన్నాను."

"తీసేశారు."

"మరి ఇదేంటి?"

"ఇది వేరేది."

"ఎప్పుడు పుట్టింది?"

"పొద్దున ఏడింటికి."

ఆయన సొరుగు తీసి కాలనీ నియమాల పుస్తకం పట్టుకున్నాడు. మొదటి నుంచి చివరి దాకా చదివాడు. నేను ఎదుటి బెంచీ మీద కూర్చున్నాను. ఇద్దరు ముగ్గురు వచ్చి నీళ్ళ గొట్టాల గురించి అడిగి వెళ్ళారు. పుస్తకం మళ్ళీ మొదటికి తిప్పాడు.

"నేను పైకి పంపుతాను" అన్నాడు. "వాళ్ళు కాదంటే గూడు తీయాల్సిందే పెద్దాయనా. ముందే చెబుతున్నా."

"కాదంటే రాసివ్వమనండి. ఏ నియమం కిందో కూడా రాయమనండి."

అందినట్టు ముద్ర వెయ్యమన్నాను. తరవాత వేస్తానన్నాడు. నేను బెంచీ మీద నుంచి లేవలేదు. పదకొండింటికి ముద్ర పడింది.

ఇంటికి వచ్చి, మిద్దె ఎక్కి, వరదలో కొట్టుకురాగా ఏరుకున్న చెక్కలు బయటకు తీసి, గూటికి ఇంకో నాలుగు అరలు బిగించాను.